లెక్కల కిటికీ: ఐబీలో 74, మిడ్‌లో 9

ఈ నెల ఉత్తరాలన్నీ ఒకే బస్సులో వచ్చినట్టున్నాయి. కర్నూలు, కడప, అనంతపురం వైపు బీటెక్, బీఎస్సీ ఫస్టియర్ పిల్లలే ఎక్కువ. మొదటి మిడ్ పేపర్లు చేతికొచ్చినట్టున్నాయి. నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఇరవై తొమ్మిదేళ్లు కాల్క్యులస్ చెప్పాను. అంతకుముందు అదే ఊళ్లో అదే సబ్జెక్టు తప్పాను కూడా. ఆ కథ చివర్లో వస్తుంది. ముందు మీ సంగతి చూద్దాం.

*

ప్రశ్న: మేడమ్, ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ ఐబీ పేపర్లో నాకు 75కి 74. ఎంసెట్‌లోనూ ర్యాంకు బాగానే వచ్చింది. ఇక్కడ ‘లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాల్క్యులస్’ ఫస్ట్ మిడ్‌లో 30కి 9 వచ్చాయి. రోల్ థీరమ్ వెరిఫై చేయమంటే చేశాను, సీ ఈక్వల్ టు జీరో అని కూడా తెచ్చాను. ఆ లెక్కకు సున్నా వేశారు. సార్‌ని అడిగితే ‘ప్రశ్న చదివావా?’ అన్నారు. చదవకుండా ఎలా రాస్తాను మేడమ్?
– బీటెక్ విద్యార్థి, కర్నూలు

జవాబు: నాయనా, నువ్వు పంపిన పేపరు ఫోటో రెండుసార్లు చూశాను. ప్రశ్నలో ఉన్నది మాడ్ ఎక్స్, అంటే మైనస్ గుర్తు తీసేసిన ఎక్స్. మైనస్ 1 నుంచి 1 వరకు దానికి రోల్ సిద్ధాంతం వర్తిస్తుందో లేదో చూడమన్నారు. తెగకుండా, మొన లేకుండా సాగే గీత రెండు కొసల్లో ఒకే ఎత్తున ఉంటే, నడుమ ఎక్కడో ఒకచోట, సీ దగ్గర, దాని వాలు సున్నా అవుతుందన్నదే ఆ సిద్ధాంతం. ‘రోల్’ అన్న పేరు కనబడగానే నీ చెయ్యి కదిలిపోయింది. కంటిన్యుయస్, రాసేశావు. రెండు కొసల్లో విలువలు సమానం, 1, 1, అదీ రాసేశావు. మధ్యలో ‘డిఫరెన్షియబుల్’ అని కూడా అదే ఊపులో రాసేశావు. తర్వాత ఎఫ్ డాష్ ఆఫ్ సీ (సీ దగ్గర వాలు) ఈక్వల్ టు జీరో అని ఒక వరుస, దాని కింద సీ ఈక్వల్ టు జీరో అని ఇంకో వరుస. మొదటి వరుసలోంచి రెండోది ఎలా వచ్చిందో నన్ను కూర్చోబెట్టి చెప్పగలవా? చెప్పలేవు, ఎందుకంటే అది లెక్కలోంచి రాలేదు. నీకు అలవాటైన జవాబు అది.

ఇప్పుడు బొమ్మ గీయి. మాడ్ ఎక్స్ అంటే ఇంగ్లీషు ‘వి’ అక్షరం. ఎడమ కాలు వాలు మైనస్ 1, కుడి కాలు వాలు ప్లస్ 1. సున్నా దగ్గర మొన ఉంది. ఆ మొన మీద స్కేలు ఆనించి చూడు. అటూ ఇటూ ఊగుతుందే తప్ప ఒకచోట నిలవదు. వాలు సున్నా అయిన చోటు ఆ గీత మొత్తంలో ఎక్కడా లేదు. అంటే సిద్ధాంతం అడిగిన మూడు షరతుల్లో ఒకటి, ‘డిఫరెన్షియబుల్’ అన్నది, విరిగింది, కాబట్టి అది వర్తించదు. అదే జవాబు, రెండు వరుసల్లో అయిపోయేది.

నిన్ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. అందులో సగం, 80, మన లెక్కలే. ప్రశ్నకు 67 సెకన్లు పడతాయి. నెగెటివ్ మార్కులు లేవు. ఆ పరీక్షకు రెండేళ్లు తయారైన పిల్లాడు ప్రశ్న ముఖం చూసి ఫార్ములా గుర్తుపడతాడు. అది కూడా విద్యే, కష్టపడి సంపాదించినదే. కానీ అక్కడ ఎవరూ ‘ఇది నిజమా కాదా’ అని అడగలేదు, ‘ఎంత’ అనే అడిగారు. ఇక్కడ మొదటిసారి ‘అసలు వర్తిస్తుందా’ అని అడుగుతున్నారు. ఐబీలో చేసిన పాఠమే కదా అనుకుని వచ్చావు. పేరొక్కటే అదే.

మీన్ వాల్యూ థీరమ్‌ను బస్సులో కూర్చుని చూడు. అనంతపురంలో ఎక్కితే గుత్తి, డోన్ మీదుగా కర్నూలుకు దాదాపు 150 కిలోమీటర్లు. 3 గంటల్లో దింపాడనుకో, సగటు గంటకు 50. గుత్తిలో టీకి ఆపాడు, అక్కడ వేగం సున్నా. డోన్ దాటాక 80 తొక్కాడు. అయితే ఎక్కడో ఒకచోట, కనీసం ఒక్క క్షణం, స్పీడోమీటరు ముల్లు సరిగ్గా 50 మీద ఉండి తీరాలి. ఆ థీరమ్‌కు పేరున్న గణితవేత్త లగ్రాంజ్ చెప్పింది అంతే. ఎక్కడ అని ఆయన చెప్పడు, ఉందని మాత్రం చెబుతాడు. రోల్ సిద్ధాంతం దానికి చిన్న తమ్ముడు. పైకి విసిరిన బంతి మళ్లీ చేతికే వచ్చిందంటే మధ్యలో ఒక క్షణం దాని వేగం సున్నా. మరి మాడ్ ఎక్స్? గంటకు ఒక కిలోమీటరు వెనక్కి నడుస్తున్న బండి, సున్నాను తాకకుండానే, గంటకు ఒక కిలోమీటరు ముందుకు నడవడం మొదలుపెడితే ఎలా ఉంటుందో అలాంటిది. అలాంటి బండి మన డిపోల్లో లేదు.

నీకు కాస్త ఊరట కలిగే సంగతి ఒకటుంది. ఈ సిద్ధాంతానికి పేరిచ్చిన మిషెల్ రోల్ 1691లో దాన్ని బహుపదులకు చూపించాడు. ఆ తర్వాత పారిస్ అకాడమీలో కొత్తగా వచ్చిన కాల్క్యులస్‌ను గట్టిగా వ్యతిరేకించినవాళ్లలో ఆయనొకడు. దీనికి పునాది లేదని ఆయన వాదన. చివరికి మెత్తబడ్డాడు కానీ, తన పేరు మీద నీకు సున్నా వస్తుందని తెలిస్తే నవ్వుకునేవాడు.

రెండో మిడ్ లోపల ఒక పని చెయ్యి. ప్రతి సిద్ధాంతం దగ్గర ఒక్కో షరతూ తీసేసి, సిద్ధాంతం చెడిపోయే బొమ్మ ఒకటి గీయి. మూడు షరతులుంటే మూడు బొమ్మలు. ఒక పేజీ చాలు.

*

ప్రశ్న: నేను ఇంటర్ వరకు తెలుగు మీడియం. డిగ్రీలో ఇంగ్లీషు మీడియం. అవధి (లిమిట్), అవిచ్ఛిన్నత (కంటిన్యుయిటీ), అవకలజం (డెరివేటివ్) అంటే నాకు తెలుసు. క్లాసులో సార్ ‘లిమిట్ అంటే ఏంటి’ అని ఇంగ్లీషులో అడిగితే నోరు పెగలదు. అర్థం కానిది కాల్క్యులసా, ఇంగ్లీషా అన్నది కూడా నాకే తెలియడం లేదు మేడమ్.
– బీఎస్సీ విద్యార్థిని, తాడిపత్రి

జవాబు: తల్లీ, అది తేల్చుకోవడం సులువే. రాత్రి హాస్టల్లో మీ రూమ్‌మేట్‌కు ఆరోజు పాఠం తెలుగులో చెప్పు. చెప్పగలిగితే నీకు అడ్డం ఇంగ్లీషు. తెలుగులో కూడా నడుమ ఆగిపోతే, ఆగిన చోటే కాల్క్యులస్‌లో నీకు మిగిలిన పని.

నా అనుభవంలో మాత్రం తెలుగు మీడియం పిల్లలను పడేసేవి పెద్ద మాటలు కావు. డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ వారంలో నోటికొస్తాయి. పడేసేవి చిన్న మాటలు. ‘ఫర్ ఎవ్రీ’ అంటే ‘ఏది తీసుకున్నా సరే’. ‘దేర్ ఎగ్జిస్ట్స్’ అంటే ‘ఒకటి దొరుకుతుంది’. ‘సచ్ దట్’ అంటే ‘ఎలాంటిదంటే’. ‘అట్ మోస్ట్’ అంటే ‘మించకుండా’. ‘అట్ లీస్ట్’ అంటే ‘తగ్గకుండా’. ఇవి నోట్‌బుక్ చివరి పేజీలో రాసిపెట్టుకో. ఈ అయిదు మాటలు తెలియక వెనక బెంచీలో ఏడ్చిన పిల్లలను చూశాను. వాళ్లు మాత్రం తమకు లెక్కలు రావనుకున్నారు.

అవిచ్ఛిన్నం అంటే విచ్ఛిన్నం కానిది, తెగనిది. పెన్సిలు ఎత్తకుండా గీయగలిగే గీత కళ్లముందు వచ్చేస్తుంది. ‘అవధుల్లేని ఆనందం’ అని రోజూ అంటాం, కాబట్టి అవధి అంటే నీకు ముందే తెలుసు. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఈ మాటలను బట్టీ కొడతారు, నీకు అవి అర్థంతోనే వచ్చాయి.

ఒక్కచోట మాత్రం తెలుగు మాటే నిన్ను మోసం చేస్తుంది. స్పర్శరేఖ అనగానే ‘ఒక్కచోట తాకి వెళ్లిపోయే రేఖ’ అనుకుంటావు. పదో తరగతిలో వృత్తానికి అది సరిపోయింది. ఎక్స్ క్యూబ్ వక్రానికి (1, 1) దగ్గర స్పర్శరేఖ గీసి చూడు. దాని సమీకరణం వై ఈక్వల్ టు 3 ఎక్స్ మైనస్ 2. దాన్ని ఎడమకు పొడిగించుకుంటూ పోతే (మైనస్ 2, మైనస్ 8) దగ్గర అదే వక్రాన్ని మళ్లీ అడ్డంగా కోస్తుంది. అయినా (1, 1) దగ్గర అది స్పర్శరేఖే. ఎన్నిచోట్ల తాకిందన్నది లెక్కలోకి రాదు. ఆ బిందువు దగ్గర వక్రం ఎటు పోతోందో అదీ అటే పోతోందా అన్నదే చూడాలి.

*

ప్రశ్న: ఫోన్‌లో ఫోటో తీస్తే చాలు, యాప్ స్టెప్స్‌తో సహా చేసిపెడుతోంది. ఇక మేం ఎందుకు చేయాలి?
– బీటెక్ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: వాడుకో. ముందు నువ్వు చేసి, తర్వాత వాడు. వన్ బై ఎక్స్ స్క్వేర్‌ను మైనస్ 1 నుంచి 1 వరకు ఇంటిగ్రేట్ చెయ్యి. కళ్లు మూసుకుని చేస్తే మైనస్ వన్ బై ఎక్స్ వస్తుంది, హద్దులు పెడితే మైనస్ 2. గీత మొత్తం ఎక్స్ అక్షానికి పైనే ఉంది కదా, దాని కింద వైశాల్యం మైనస్ ఎలా అయింది? ఆ అనుమానం నీకు రాకపోతే, యాప్ ఏం చెప్పినా నీకు ఒకటే.

*

ప్రశ్న: సైన్ ఎక్స్ బై ఎక్స్, ఎక్స్ సున్నాకు పోతే లిమిట్ 1 అని ఎల్ హాస్పిటల్ రూల్‌తో ఒక్క లైన్లో తెచ్చాను. జవాబు కరెక్టే. అయినా సగం మార్కులు కోశారు. ఇది అన్యాయం కాదా? ఇంకోటి, అదే లిమిట్‌ను కాల్క్యులేటర్‌లో వేసి చూద్దామంటే 0.01745 వస్తోంది. మిషన్ చెడిపోయిందా?
– బీటెక్ విద్యార్థిని, కడప

జవాబు: మిషన్ బాగానే ఉందమ్మా. పైన మూలలో చిన్న ‘డి’ అక్షరం చూశావా? అది డిగ్రీల్లో ఉంది. రేడియన్లకు మార్చి 0.1 దగ్గర చూడు, 0.9983 వస్తుంది. 0.01 దగ్గర 0.99998. సున్నాకు దగ్గరయ్యేకొద్దీ 1కి దగ్గరవుతోంది. డిగ్రీల్లో వచ్చిన ఆ 0.01745 కూడా వట్టి చెత్త కాదు. పై (π) విలువను 180తో భాగించు, అదే వస్తుంది. కాల్క్యులస్‌లో కోణాన్ని రేడియన్లలోనే ఎందుకు కొలుస్తాం అన్న ప్రశ్నకు నీకు తెలియకుండానే జవాబు తెచ్చావు. డిగ్రీల్లో కొలిస్తే సైన్‌ను డిఫరెన్షియేట్ చేసిన ప్రతిసారీ ఈ 0.01745 తోక పట్టుకుని వస్తుంది. రేడియన్లలో ఆ పీడ లేదు. ఐబీలో ఎన్ని వందల లెక్కలు చేశావో కానీ, ఈ ముక్క ఎవరైనా చెప్పారా? నాకూ ఎవరూ చెప్పలేదు, ఉద్యోగంలో చేరాక తెలిసింది.

ఇక మార్కుల సంగతి. ఎల్ హాస్పిటల్ రూల్ అంటే పైదాన్నీ కిందదాన్నీ విడివిడిగా డిఫరెన్షియేట్ చేసి లిమిట్ చూడటం, కాబట్టి దాన్ని వాడాలంటే సైన్ ఎక్స్‌ను డిఫరెన్షియేట్ చేయాలి. అది కాస్ ఎక్స్ అవుతుందని ఎలా తెలిసింది? మొదటి సూత్రం నుంచి చేసి చూడు. నడుమలో సరిగ్గా ఇదే లిమిట్, సైన్ ఎక్స్ బై ఎక్స్, వచ్చి కూర్చుంటుంది. దాని విలువ 1 అని తెలిస్తేనే కాస్ ఎక్స్ వస్తుంది. అంటే నువ్వు నిరూపించాల్సినదాన్నే వాడి దాన్ని నిరూపించావు. విలువ కనుక్కోమంటే మీ సార్ వదిలేసేవారేమో. ‘నిరూపించండి’ అన్నారు కాబట్టి కోశారు. నేనైతే నాలుగో వంతు కోసేదాన్ని, సగం కొంచెం ఎక్కువే.

నీలాంటి పిల్లలు చేసే రెండో తప్పు ఇంకా ప్రమాదం. ఈ రూల్ కనబడితే చాలు, అన్నిటికీ వాడేస్తారు. ఎక్స్ ప్లస్ 1 బై ఎక్స్ ప్లస్ 2, ఎక్స్ సున్నాకు పోతే? పెట్టి చూస్తే సగం. రూల్ వాడితే పైనా కిందా 1 వచ్చి జవాబు 1 అవుతుంది. జీరో బై జీరో కానిచోట, ఇన్ఫినిటీ బై ఇన్ఫినిటీ కానిచోట దాన్ని ముట్టుకోకూడదు. ఎల్ హాస్పిటల్ ప్రభువు 1696లో అచ్చువేసిన పుస్తకంలో ఈ రూల్ ఉంది కానీ, కనిపెట్టింది ఆయనకు డబ్బు తీసుకుని పాఠం చెప్పిన యోహాన్ బెర్నూలీ. ట్యూషన్ సార్ చెప్పింది శిష్యుడి పేరు మీద చలామణి కావడం అప్పుడే మొదలైంది.

*

ప్రశ్న: ఎప్సిలాన్, డెల్టా ఎందుకు మేడమ్? లిమిట్ అంటే దగ్గరగా పోవడమే కదా. దానికి ఇంత టెన్షన్ పెట్టాలా?
– బీఎస్సీ విద్యార్థి, బేతంచెర్ల

జవాబు: మీ ఊళ్లో బండల పని చూస్తూ పెరిగి నన్ను అడుగుతున్నావా! బండలు కోసే చోటికి ఒకాయన వచ్చి ‘రెండడుగుల చదరం, నాలుగు చదరపు అడుగులు ఉండాలి’ అంటాడు. కచ్చితంగా నాలుగు ఎవరూ కోయలేరు. మేస్త్రి ఏం అడుగుతాడు? ‘ఎంత తేడా అయితే సరేనంటావు?’ అంటాడు. వచ్చినాయన ‘0.1కి మించకూడదు’ అంటాడు. అదే ఎప్సిలాన్. అది కొనేవాడి మాట. ఇప్పుడు మేస్త్రి లెక్క వేసుకోవాలి: వైశాల్యం అంతలో ఉండాలంటే, భుజం కోతలో నా చెయ్యి ఎంత వరకు తప్పొచ్చు? అదే డెల్టా. అది కోసేవాడి మాట.

లెక్క చేద్దాం. భుజం ఎక్స్ అనుకో. ఎక్స్ స్క్వేర్ మైనస్ 4 అంటే ఎక్స్ మైనస్ 2 ఇంటూ ఎక్స్ ప్లస్ 2. భుజం 2 దగ్గరే ఉంది కాబట్టి, మరీ అడుగు తేడా రాదనుకుంటే, ఎక్స్ ప్లస్ 2 అనేది 5కు మించదు. అంటే వైశాల్యంలో తేడా, భుజంలో తేడాకు అయిదు రెట్లకు లోపలే. 0.1ని 5తో భాగిస్తే 0.02 అడుగు, అంటే దాదాపు పావు అంగుళం. సరిచూడు: 2.02 స్క్వేర్ 4.0804. 1.98 స్క్వేర్ 3.9204. రెండూ లోపలే ఉన్నాయి. కొనేవాడు ఇంకా పట్టుబట్టి 0.01 అన్నాడా? మేస్త్రి 0.002 అంటాడు. ఆయన ఎంత చిన్నది అడిగినా మేస్త్రి దగ్గర ఒక జవాబు ఉంటుందంటే, అప్పుడు లిమిట్ 4. మాట ముందు కొనేవాడిది, తర్వాత కోసేవాడిది. ఈ వరస తిప్పి రాసినవాడికి నేను మార్కులు వేసేదాన్ని కాదు.

‘దగ్గరగా పోవడం’ అంటే సరిపోదా అన్నావు. లైబ్నిట్జ్ తన మొదటి కాల్క్యులస్ వ్యాసం అచ్చువేసింది 1684లో. అప్పటినుంచి చాలాకాలం ఆ మాటతోనే నడిపారు. పనులన్నీ జరిగాయి, గొడవలూ జరిగాయి. కోషీ 1821లో లిమిట్‌ను సరిగ్గా నిలబెట్టడం మొదలుపెడితే, వైర్‌స్ట్రాస్ చేతిలో ఇప్పటి ఎప్సిలాన్ డెల్టా రూపం స్థిరపడింది. నూరేళ్లకు పైగా పట్టిన సంగతి నీకు రెండు క్లాసుల్లో రాలేదంటే నీ తెలివికి లోటేమీ లేదు. మూడో క్లాసుకు వెళ్లు.

*

ప్రశ్న: మేడమ్ గారూ, నేను టైలరును. మా అమ్మాయి కడపలో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతోంది. లెక్కల్లో తప్పానని ఫోన్లో ఏడుస్తోంది, చదువు మానేస్తానంటోంది. ట్యూషన్ పెట్టించాలా? ఎంత ఖర్చయినా పెడతాను.
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: అన్నా, ముందు డబ్బు తీయకండి. ఆ జవాబు పత్రం ఫోటో తీసి పంపమనండి. మార్కులు ఎక్కడ పోయాయో చూడకుండా ట్యూషన్ పెట్టడం, కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరించడం లాంటిది. ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు.

నేను దిద్దిన పేపర్లలో ఎక్కువ ఎర్ర ఇంకు కాల్క్యులస్ మీద పడేది కాదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆల్జీబ్రా మీద పడేది. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అంటే ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాస్తారు. రూట్ లోపల కూడికలో ఉన్న రెండు అంకెలను విడగొట్టి బయటికి లాగేస్తారు. వన్ బై ఏ ప్లస్ బీ కనబడితే రెండు ముక్కలు చేస్తారు. డిఫరెన్షియేషన్ చక్కగా చేసి, చివరి రెండు మెట్లలో ఇలా కూలిపోయిన పేపర్లు చూస్తే నాకే బాధేసేది. మీ అమ్మాయి తప్పులు ఇలాంటివే అయితే పదిహేను రోజులు, రోజుకు గంట, పాత పుస్తకాలతో సరిపోతుంది. ఒక సీనియర్ అమ్మాయి పక్కన కూర్చుంటే చాలు. అలా కాక, పేపరంతా ఖాళీగా ఉంటే అది వేరే సంగతి. అప్పుడు ఆదివారం బస్సెక్కి వెళ్లి పిల్లను చూసి రండి. భోజనం చేస్తోందా, నిద్రపోతోందా, గదిలో ఎవరితోనైనా మాట్లాడుతోందా అని కనుక్కోండి. లెక్కల మాట ఎత్తకండి. సబ్జెక్టు తప్పితే మళ్లీ రాయొచ్చు. నేనూ రాశాను.

*

ప్రశ్న: మా నాయన వేరుశనగ వేస్తాడు. కాలువలో నీళ్లొస్తే పంట, లేకపోతే లేదు. ఈ ఇంటిగ్రేషన్ మా ఇంట్లో ఎవరికి ఉపయోగం? నిజం చెప్పండి మేడమ్.
– బీఎస్సీ విద్యార్థి, ఉరవకొండ

జవాబు: అబ్బీ, నువ్వు కాలువ పేరెత్తావు కాబట్టి చెబుతాను.

మా నాయన తుంగభద్ర ఎగువ కాలువ మీద లస్కరు (కాలువ కాపలాదారు), కణేకల్లు వైపు. తెల్లారేసరికి సైకిలేసుకుని గట్టు మీదికి పోయి, నీళ్లలో నిలబెట్టిన గేజీ రాయి మీద మట్టం చూసి, నల్ల అట్ట నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. సాయంత్రం మళ్లీ ఒకసారి. అడుగులు ఒక గడిలో, పక్క గడిలో క్యూసెక్కులు, అంటే సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీళ్లు పారుతున్నాయో. ఇన్ని అడుగులుంటే ఇన్ని క్యూసెక్కులు అని ఆఫీసువాళ్లు ఇచ్చిన పట్టిక అట్ట వెనక అంటించి ఉండేది. అయిదో తరగతి చదివిన మనిషి, అంకెలు మాత్రం ముత్యాల్లా రాసేవాడు.

నేను డిగ్రీ ఫస్టియర్ కాల్క్యులస్‌లో 50కి 11 తెచ్చుకుని ఇంటికొచ్చాను. తెలుగు మీడియం నుంచి వెళ్లినదాన్ని. క్లాసులో సార్ వక్రం కింద సన్నటి పట్టీలు గీసి, పట్టీల వైశాల్యాలు కూడండి అనేవారు. ఎవరి వైశాల్యం, ఎందుకు కూడాలి, ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. బొమ్మ మాత్రం అందంగా దించుకునేదాన్ని. ఇంట్లో నాయన ‘ఈ పన్నెండు గంటల్లో ఎన్ని నీళ్లు పోయాయో కట్టి చెప్పమ్మా’ అని నోట్‌బుక్ ముందు పెట్టాడు. ఇన్‌స్పెక్టరుకు చెప్పాలట. పొద్దున 6కి 1,200 క్యూసెక్కులు, సాయంత్రం 6కి 1,400. ఏది పట్టుకోవాలి? నాయనే అన్నాడు, ‘రెంటికీ నడిమిది పట్టుకో’ అని. 1,300 ఇంటూ పన్నెండు గంటల సెకన్లు, 43,200. 5 కోట్ల 61 లక్షల 60 వేల ఘనపుటడుగులు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు కదా, అంటే 0.056 టీఎంసీ.

ఆ లెక్క కట్టి, పెన్సిలు కింద పెట్టి, ఆ బొమ్మ మళ్లీ గీశాను. అడ్డంగా కాలం, నిలువుగా క్యూసెక్కులు. పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క, నడుమ గీత. దాని కింద ఉన్న పట్టీయే నేను అప్పుడే కట్టిన నీళ్లు! ‘నడిమిది పట్టుకో’ అన్నదాన్ని తర్వాతి ఏడాది న్యూమరికల్ మెథడ్స్‌లో ట్రెపిజాయిడల్ రూల్ పేరుతో చెప్పారు. మధ్యాహ్నం కూడా ఒకసారి గేజీ చూస్తే లెక్క ఇంకా సరిగ్గా వస్తుంది, గంటగంటకూ చూస్తే మరీ సరిగ్గా. పట్టీలు సన్నం చేయడం అంటే అదే. దాంతో నేనేమీ మేధావిని అయిపోలేదు. మార్చిలో తప్పి, సెప్టెంబరులో రాసి పాసయ్యాను. కానీ పట్టీలు ఎందుకు గీస్తారో ఆ తర్వాత ఎవరినీ అడగలేదు.

మీ ఇంటికి వచ్చే పేపర్లో రోజూ ఇది ఉంటుంది. వానాకాలంలో శ్రీశైలం వార్త చదువు. ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, ఔట్‌ఫ్లో ఇన్ని, నిల్వ ఇన్ని టీఎంసీలు. క్యూసెక్కు అంటే మార్పు రేటు, డెరివేటివ్. టీఎంసీ అంటే పోగైనది, ఇంటిగ్రల్. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. మన పక్క రైతులు పదకొండు వేలకు ఒక టీఎంసీ అని నోటిలెక్కలో చెబుతారు, కాల్క్యులేటర్ లేకుండా. 2 లక్షలు వస్తూ 50 వేలు పోతుంటే రోజుకు ఎంత పెరుగుతుంది? లక్షన్నరను 11,574తో భాగించు, దాదాపు 13 టీఎంసీలు.

ఇప్పుడు నీకొక ప్రశ్న. డిగ్రీ పిల్లల్లో ఎప్పుడడిగినా సగంమందికి పైగా తప్పు చెప్పేవారు. గేట్లు ఎత్తి నీళ్లు వదులుతున్నారు, వరద వచ్చి తగ్గుతోంది. రిజర్వాయరులో మట్టం అన్నిటికన్నా ఎక్కువ ఉండేది ఎప్పుడు? వరద అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన రోజా? కాదు. ఆ రోజు మట్టం వేగంగా పెరుగుతుందంతే. మర్నాడు వరద తగ్గినా, పోయేదానికన్నా వచ్చేది ఎక్కువున్నంతసేపు మట్టం పెరుగుతూనే ఉంటుంది. వచ్చేదీ పోయేదీ సమానమైన క్షణాన ఆగుతుంది. డెరివేటివ్ సున్నా అయిన చోట గరిష్ఠం అని ఐబీలో రాశావు కదా, ఇదే ఆ చోటు.

ఇంకొకటి. శ్రీశైలం పూర్తిమట్టం 885 అడుగులు, నిల్వ 215.81 టీఎంసీలు. ఆ నిండుమట్టం నుంచి ఒక్క అడుగు తగ్గితే అయిదు టీఎంసీలకు పైనే పోతాయి. కింది మట్టాల్లో అదే ఒక్క అడుగుకు అన్ని ఉండవు. ఎందుకు? ఇంట్లో బిందె కొళాయి కింద పెట్టి చూడు. ధార మారదు. పొట్ట దగ్గర నీళ్లు మెల్లగా ఎక్కుతాయి, మెడ దగ్గరికి రాగానే గబగబా ఎక్కి పొర్లిపోతాయి. నీటి పైముఖం ఎంత వెడల్పుంటే ఒక్కో అంగుళానికి అన్ని ఎక్కువ నీళ్లు పడతాయి. ఎత్తును బట్టి నీటి పరిమాణం డెరివేటివ్ ఏదయ్యా అంటే ఆ పైముఖం వైశాల్యమే. ఇది నేను ప్రతి ఏడాదీ క్లాసుకు స్టీలు చెంబు, జగ్గు తీసుకుపోయి చూపించేదాన్ని. ఒక ఏడాది మెడ దగ్గర ఆపడం మరిచిపోయి హాజరు పట్టీ తడిపేశాను. ఆ బ్యాచ్ పిల్లలు కనబడితే ఇప్పటికీ పాఠం కాదు, తడిసిన హాజరు పట్టీ గురించే మాట్లాడతారు.

మీ నాయనకు ఇంటిగ్రేషన్ ఎందుకన్నావు. ఆయన చేస్తూనే ఉన్నాడు, ఎన్నాళ్లు నీళ్లొదిలితే ఎన్ని మళ్లు తడుస్తాయో లెక్క వేసుకున్నప్పుడల్లా. ఈసారి ఊరికి పోయినప్పుడు కాలువలో నీళ్లుంటే గేజీ ఉన్న చోటికి పో. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కుదిరితే మధ్యాహ్నం కూడా మట్టం రాసుకో. గట్టు జారుడుగా ఉంటుంది, కిందికి దిగొద్దు. అంకెలు నాకు పంపు. పట్టిక నా దగ్గర ఉంది, మా నాయన నోట్‌బుక్ అట్టకు ఇంకా అంటుకునే ఉంది. అది పాతది, ఇప్పటి కాలువకు సరిపోకపోవచ్చు. అయినా వచ్చే నెల ఇక్కడే కడదాం.